నకలు తప్పు

పొదలకూరు నిమ్మకాయల యార్డులో
తెల్లారేసరికి గోతాలు నోళ్లు తెరుస్తాయి.
మస్తానమ్మ కాళ్లు చాపుకు కూర్చుని
పండును ఒక పక్కకి, పచ్చిని ఒక పక్కకి,
మచ్చకాయను వెనక్కి
చూడకుండానే విసురుతుంది.
వెనక కుప్ప దగ్గర ఆమె జోడిపి గొర్రె
నిమ్మాకు నముల్తూ నన్నే చూస్తోంది.

నేనొచ్చింది దానికి నీలినాలుక టీకా వెయ్యడానికి.
ఆమె అడిగింది మనవడి గురించి.

"వాడి చిగుళ్లల్లో నెత్తురొస్తా ఉండాది మే.
డాక్టరు నిమ్మకాయ తినమన్నాడంట,
నిమ్మకాయల్లో పుట్టినోణ్ణి!
ఈ గొర్రెకి ఎప్పుడన్నా చిగుళ్లు కారినాయా?
దానికి లేని కర్మ మనకేంది?"

సూది చేతిలోనే ఆగిపోయింది.

గొర్రెకు నిమ్మకాయ అక్కర్లేదు మస్తానమ్మా.
ఆ కాయలో ఉండే మందును
అది తన కార్జంలోనే కాచుకుంటుంది,
రాత్రీ పగలూ, పొగ రాకుండా.
గేటు దగ్గర పడుకున్న ఊరకుక్కా అంతే.
గోతాల కింద దూరిన పందికొక్కూ అంతే.
మనకూ ఉండేది ఆ పొయ్యి.
దాన్ని వెలిగించే రాత ఇప్పటికీ ఉంది
నీ కణంలో, నా కణంలో,
సగం పేజీలు ఊడిపోయి.

మా నాన్న చెంచురామయ్య
గూడూరు రిజిస్ట్రారాఫీసు ముందు దస్తావేజులు రాసేవాడు.
ఒకసారి మూడు పాత కాగితాలు నా ముందు పరిచాడు.
మూడింట్లోనూ తూర్పు హద్దు
"వంకాయల తోట" అని ఉంది.
అక్కడున్నది, ఎప్పుడూ ఉన్నది, టెంకాయల తోట.
"ఒప్పు ఎవడైనా రాస్తాడమ్మాయ్.
అదే తప్పు ముగ్గురు రాశారంటే
ఒకే కాగితం ముందు కూర్చున్నట్టు."

తిరుపతి పశువైద్య కాలేజీలో
జన్యువుల వరసలు తెర మీద పరిచిన రోజు
నాకు వినపడింది పాఠం కాదు, ఆ వంకాయల తోట.
పెంచలకోన మెట్ల మీద చేతిలో చిప్ప లాక్కునే కోతికీ
లాగేసుకున్నాక తిట్టే మనకూ
అదే చోట, అవే పేజీలు లేవు.
గినీపందికీ ఈ రాత చెడింది,
కానీ వేరే చోట. అది వేరే లేఖరి తప్పు.
వెలిగొండ అడవిలో రాత్రిపూట
కొమ్మను కరుచుకుని కళ్లింత చేసుకునే దేవాంగపిల్లి
ఇంకా కాచుకుంటూనే ఉంది.
అది మనకు వేరుపడ్డ అక్క.
ఇల్లు పంచుకున్నాకే మన పొయ్యి ఆరింది.

ఆరు కోట్ల ఏళ్ల నాటి మాట.
ఎవరో ఒక తల్లి, ఏదో ఒక కొమ్మ,
బిడ్డకు రాసిచ్చేటప్పుడు ఒక అక్షరం జారింది.
చుట్టూ చేతికందినంత పండు.
కడుపు నిండిన ఇంట్లో
పోయిన గిన్నెను ఎవరు వెతుకుతారు?
అది లాభమే అన్నవాళ్లూ ఉన్నారు.
నాకు తెలీదు.

చెల్లని దస్తావేజును నాన్న చించేవాడు కాదు.
బీరువా అడుగు అరలో పెట్టి
"చెల్లదు గానీ, చెబుతుంది" అనేవాడు.
నాలుగు హద్దులూ మారిపోయిన పొలం
ఒకప్పుడు ఎవరిదో అదే చెప్పేది.

మస్తానమ్మ చేతులు ఆగలేదు.
పండు, పచ్చి, మచ్చ.
"అయితే పోగొట్టింది కోతా, మనమా?"
కోతీ లేదు, మనమూ లేము అప్పటికి.
"అట్టయితే తగువు లేదు" అంది.

సంచిలోంచి ఒక మచ్చకాయ తీసి
కొడవలి మొనతో రెండు చేసింది.
ఒక చెక్క మనవడి నోటికి.
వాడి ముఖం కోతి ముఖమైంది.
రెండోది నాకిస్తూ
"తిను మే, నువ్వూ ఆ ఇంటిదానివే గదా.
రేటెట్టాగూ పడిపోయింది."

నేను పులుపుకి కళ్లు మూసుకున్నాను.
గొర్రె నమలడం ఆపలేదు.