ఒక చుట్టు ఎక్కువ

కోళ్ళ గంప కింద దొరికింది,
లోది ఊరి అవతల ఒక రైతు పాకలో,
సీటు మీద గుడ్లు పొదిగిన ఆనవాళ్ళతో.
"ఇనుము ధర ఇవ్వు, చాలు" అన్నాడు.
ఇచ్చాను. పైన ఒక వైను సీసా.

మిలాన్‌లో మేముండేది నాలుగంతస్తుల పాత కొంప.
చుట్టూ కటకటాల వసారాలు, నడుమ ఒకటే వాకిలి.
ఎవరింట్లో ఏది మాడినా అందరి ముక్కులకూ అందుతుంది.
అక్కడే, సైకిళ్ళ పక్కన, స్కూటర్ని విప్పదీశాను.

ఇరవై ఆరేళ్ళు ట్రాము నడిపిన చేతులివి.
పట్టాలు ఎటు పోతే అటు పోవడమే తెలుసు.
ఇప్పుడు ప్రతి నట్టూ ఒక నాలుగురోడ్ల కూడలి.

గుడ్ల అట్టల్లో నట్లు పేర్చాను,
గుంటకొక నంబరు, పెన్సిలుతో.
తుప్పు పట్టినవాటిని పాస్తా గిన్నెలో వేసి
వెనిగర్ పోసి మూడు రాత్రులు నానబెట్టాను.
నాలుగో రోజు అదే గిన్నెలో వండుకున్నాను.
ఎవరికీ చెప్పలేదు.

గీకితే రంగు కింద రంగు.
పైన, రైతు తలుపులకి పూయగా మిగిలిన ఆకుపచ్చ.
దాని కింద ఎవరిదో కుర్రతనపు ఎరుపు.
ఇంకా కింద, గోరంత మేర,
వాన వెలిసిన పొద్దుటి బూడిద నీలం.
అక్కడ ఉప్పుకాగితం ఆపేశాను.
కాఫీ చల్లారిపోయేదాకా చూశాను.

అన్నీ ఊడొచ్చాయి, ఒక్కటి తప్ప:
ఇంజన్ని పట్టుకున్న పొడుగాటి బోల్టు.
కిరసనాయిలు తాగింది, మంట కాచుకుంది,
రెండు పానాలు విరగ్గొట్టింది,
ఉలకలేదు, పలకలేదు.

పై వసారాలోంచి తార్చీసియో చూస్తూనే ఉన్నాడు.
ఎనభై ఎనిమిదేళ్ళు. స్కూటర్ల ఫ్యాక్టరీలో మూడో వరస మనిషి.
మెట్టు మెట్టుకీ ఆగుతూ దిగొచ్చాడు.
"నేను బిగించిన ప్రతి బండికీ ఫోర్కు లోపల
ఒక చుక్క పొడిచేవాణ్ణి, సూదిమొనంత."
టార్చి వేసి వెతికాడు. చుక్క లేదు.
ఫ్రేము మీది నంబరు చదివి
పెదాలు కదుపుతూ లెక్క కట్టాడు.
"ఇది ఫిబ్రవరిది.
ఫిబ్రవరిలో మేం గేటు బయట ఉన్నాం,
మంచులో, ఇరవై మూడు రోజులు.
లోపల ఎవడు చేశాడో దీన్ని."
ఉమ్మలేదు గానీ ఉమ్మినంత పని చేసి
మళ్ళీ మెట్లెక్కాడు.

పదకొండు రోజులు దిగలేదు.
ఆ బోల్టుని రంపంతో కోసేశాను.
కొత్త రబ్బర్లు ఇండియా నుంచి వచ్చాయి,
నాకు రాని అక్షరాల పత్రికలో చుట్టి.
ఆ కాగితాన్ని పారేయబుద్ధి కాలేదు.
ట్యాంకు కింద నూనె చుక్కలకి పరిచాను.
కార్బురేటరు సందుల్లోంచి
గింజల పొట్టు, ఒక ఈక, ఎండిన పెట్రోలు జిగురు.

ఆదివారం. కిక్కు కొట్టాను.
పద్దెనిమిది, పంతొమ్మిది. ఒక దగ్గు. మళ్ళీ మౌనం.
మోకాలు మొండికేసింది.
పైనుంచి గొంతు:
"ప్లగ్గు తడిసింది. తియ్యి. పొయ్యి మీద వేడి చెయ్యి.
ఎంతసేపు వినాలి ఆ చావుని?"

దిగొచ్చాడు. నేను వేడి ప్లగ్గు తెచ్చేలోగా
డబ్బాలోని కోసిన బోల్టు తీసి
మరలు గోటితో లెక్కపెడుతున్నాడు.
"చెయ్యి తిరిగినవాడే," అన్నాడు.
"కానీ ఒక చుట్టు ఎక్కువ బిగించాడు.
కిటికీలోంచి మమ్మల్ని చూస్తూ బిగించి ఉంటాడు."
చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత వంగి, నా కొత్త బోల్టుకి పానా పెట్టి,
అర చుట్టు వదులు చేశాడు.
"నువ్వూ అంతే."

మూడో కిక్కుకి పలికింది.
నీలి పొగ వసారాలెక్కి
రెండో అంతస్తు బ్రునెల్లా దుప్పట్లలో దూరింది.
ఆవిడ తిట్లు సగమే వినబడ్డాయి.
తార్చీసియో వాకిలి దాటి వెళ్ళి
గేటు తీశాడు,
తీసి పక్కకి జరిగాడు.

హారను ఇంకా మోగదు.
వీధి మలుపులో నోటితోనే అరిచాను.