అరవై మందికి

వంట పుస్తకంలో ఎనిమిది మందికని ఉంది.
దాన్ని ఏడున్నరతో హెచ్చవేయమన్నాను.
మేనకోడలు డొరోతేయా గోడ మీదే సుద్దముక్కతో వేసింది:
గుడ్లు తొంభై. పాలు రెండు గ్యాలన్లు.
చీజ్ దగ్గర అంకె చెరిగిపోయింది, ఎంత పడితే అంత.
ఉప్పును మాత్రం హెచ్చవేయకు తల్లీ,
దానికి ఎక్కాలు రావు.

మార్చి నెల. రాత్రి కురిసిన మంచు
ఇంకా కిటికీ అంచున కూర్చునే ఉంది.
బయట గులకరాళ్ళ మీద పారల గీకుడు.
ఏడాదికోసారి ఇంటికో మనిషి చొప్పున
ఊరి కాలువ పూడిక తీయాలి.
నలభై ఏళ్ళు నేనూ దిగాను.
ఈ ఏడు మోకాలు ఒప్పుకోలేదు.
కాలువపెద్ద ఫిలడెల్ఫియో నా వైపు చూడకుండానే
"నువ్వు పొయ్యి సంగతి చూడు ఒనేసిమో" అన్నాడు.
ముందుగా ఉల్లిపాయలు తరిగాను,
కళ్ళకో సాకు దొరికింది.

సెప్టెంబరులో ఇనుప పీపాలో కాల్చిన మిరపకాయలు
ఆరు నెలల ఫ్రీజర్ నిద్ర లేచి
సింకులో మెత్తబడుతున్నాయి.
తొక్క వేలికంటుకుని వస్తుంది, తడిసిన కాగితంలా.
కుళాయి కింద పెట్టకు, పొగ పోతుంది,
పొగ పోతే ఇక అది వట్టి కూరగాయ.
తొడిమ తుంచి, నిలువునా చీల్చి, గింజలు దులిపి
అరచేతిలా తెరిచి ట్రేలో పరచాలి.
మిరప మీద చీజ్, చీజ్ మీద మళ్ళీ మిరప,
పైన గుడ్ల నురుగు.
తెల్లసొన గిలక్కొట్టీ గిలక్కొట్టీ చెయ్యి లాగి
డొరోతేయా ఆ చేత్తోనే కన్ను నలుపుకుంది.
తర్వాత పది నిమిషాలు వంట లేదు,
పాలలో ముంచిన గుడ్డా, తిట్లూ.
ఆ తిట్లు ఇక్కడ చెప్పను.

మధ్యాహ్నానికి లెక్క తప్పింది.
పారలు కడుక్కుని వచ్చింది ఇరవై ఏడు మంది.
మిగతావి తాళాలు, ఆల్బుకర్క్‌లో ఉద్యోగాలు, నడుం నొప్పులు,
రెండు కొత్త సమాధులు.
ఒక్క ఇల్లు మాత్రం పంతం.
తొమ్మిదేళ్ళ కిందట ఒక రాత్రి
తూము తలుపు ఎవరెత్తారన్న గొడవ.
ఎత్తింది నేనే.
ఎవరితోనూ అనలేదు, మీతో అంటున్నాను.

తింటున్నంతసేపూ మాటల్లేవు, ఎగపీల్చే ముక్కులు తప్ప.
ఫిలడెల్ఫియో మూడోసారి పళ్ళెం చాపి
"కాలువ కంటే ఇదే లోతుగా ఉంది" అన్నాడు.

మిగిలిన ట్రేల్లో అంచులు బాగా ఎర్రబడ్డదాన్ని ఎంచి
గుడ్డ కప్పి ఆ ఇంటికి పంపాను.
కబురేమీ లేదు.
వేడిగా ఉంది, జాగ్రత్తగా పట్టుకోమని చెప్పు, అంతే.

సాయంత్రం కాలువకు నీళ్ళొదిలారు.
ముందు ఎండుటాకులొచ్చాయి, ఆ తర్వాత ఎవరి పిల్లాడిదో ఒంటి చెప్పు,
మట్టి నురుగు,
దాని వెనక నింపాదిగా నీళ్ళు.

చీకటి పడ్డాక హాలు మెట్టు మీద ట్రే ఉంది,
కడిగి, తుడిచి.
అందులో తొమ్మిది గుడ్లు.
"ఏడాదికొకటా మామయ్యా?" అంది డొరోతేయా.
కోళ్ళు అన్నే పెట్టి ఉంటాయిలే అన్నాను.