స్పేర్ పార్ట్స్ అనే నలుగురు

జాసిం మనవడా, ఫోను బల్లమీద పెట్టి
మొదటినుంచీ చెప్పమంటున్నావు.
మొదలంటే ఏం చెప్పను?
రూపాయి పోయి దినారు వచ్చిన ఏడు.
మనామాలో హాజీ అబ్బాస్ మెకానిక్ షెడ్డు,
వెనకగోడ దాటితే సముద్రం.
పగలు బెడ్‌ఫర్డ్ లారీలు దగ్గేవి,
రాత్రి వీళ్ళు.

పేరు కోసం బుర్ర బద్దలుకొట్టుకోలేదు.
గుమ్మం మీద బోర్డు ముందే ఉంది:
స్పేర్ పార్ట్స్.
ఆ అక్షరాలనే ఇంజను పెయింటుతో
డ్రమ్ము తోలు మీదకి దించేశారు.

అన్యేలో గిటారు
జుఫైర్ నేవీ కుర్రాడికి చేతిగడియారం ఇచ్చి మార్చుకున్నది.
డెరిక్‌ది మా వాల్తేరు రైల్వే క్వార్టర్సే,
తెలుగులో తిట్లు తప్ప ఇంకేం మాట్లాడేవాడు కాదు.
వాడి బేసు గిటారుకి ఒళ్ళు టీపెట్టె చెక్క,
మెడ ఎవరింటి తలుపుదో నేనడగలేదు.
పాడేది రొట్టెలబట్టీ ఫరామర్జ్.
ఇంగ్లీషు రాదు. రేడియోలో విన్నది విన్నట్టు
నోట్లో పోతపోసేవాడు.
డ్రమ్ముల మీద మీ తాత.
వాళ్ళ తాత ముత్యాల పడవమీద పాటగాడట.
ముత్యాలు పోయాయి, పడవ ఒడ్డున పగుళ్ళిచ్చింది,
ఆ చేతులు మాత్రం ఇతనికి దక్కాయి.

నేనా? పైడిరాజుని. భీమిలినుంచి వచ్చిన రేడియో మెకానిక్కుని.
మూడు మర్ఫీ రేడియోలు విప్పి
ఒక ఆంప్లిఫయరు కట్టాను.
వాల్వులు వేడెక్కితే దానిమీద టీ కెటిల్ పెట్టేవాళ్ళు.
షాకు కొట్టేది.
పెదాలకు మైకు తగిలి ఫరామర్జ్ కెవ్వుమంటే
అది పాటలోదే అనుకుని
జనం మళ్ళీ వెయ్యమనేవారు.

ఉప్పుగాలికి తీగలు వారానికే తుప్పు.
తెగితే క్లచ్ కేబులు విప్పి
ఒక పోగు లాగి బిగించడమే.
ఆ మోత మరే ఊళ్ళోనూ వినలేదు.

గోవావాళ్ళ పెళ్ళిళ్ళు మూడు,
సినిమాహాల్లో ఇంటర్వెల్ ఒకటి.
అవాలీలో తెల్లవాళ్ళ క్లబ్బుకెళితే
గేటు కాపలావాడు వీళ్ళ చేతులు చూసి,
"సామాను వెనకవైపు దించండి" అన్నాడు.
వెనకవైపే వాయించారు.
వంటవాళ్ళు గరిటెలతోనే వచ్చి నిలబడ్డారు.
చేపల పొలుసులు, ఉల్లిపాయల వాసన, ఈలలు.
అంతకుమించిన సభ మళ్ళీ దొరకలేదు.

అజాన్ వినబడితే ఆగేవాళ్ళు.
మీ తాత కర్రలు తొడమీద పెట్టుకునేవాడు.
నా వాల్వులు మాత్రం
సన్నగా హుమ్మంటూనే ఉండేవి,
సిగ్గుతో నేలచూపులు చూసేవాణ్ణి.

గొడవపడి విడిపోయారని రాస్తావేమో, రాయకు.
డెరిక్‌కి పెర్త్ వీసా వచ్చింది.
మీ తాతకి రిఫైనరీలో నైట్ షిఫ్టు పడింది.
అంతే.
రొట్టెలు తెల్లారక ముందే కాలాలి కదా.

ఒక్కసారి, ఒక్క పాట,
వాళ్ళ సొంతది, స్పూలు టేపుకెక్కించాం.
తర్వాత అన్యేలో తల్లి అది ఖాళీ టేపనుకుని
తొమ్మిది రోజుల ప్రార్థన దానిమీదే నింపేసింది.
ఆవిడకేం తెలుసు.
మీటా నొక్కడం ఆరు సెకన్లు ఆలస్యమైంది, ఆ ఆరే మిగిలాయి.

నిన్న నువ్వు వినిపించావు.
గరగర.
ఆ తర్వాత ఇరవై నాలుగేళ్ళ నేను,
మైకు సరిచూస్తూ, యాస వదలని గొంతుతో:
ఒకటి, రెండు, మూడు.
మీ తాత కర్ర డ్రమ్ము మీద పడిన ఒకే ఒక్క దెబ్బ.
వెంటనే మరియమాత.

షెడ్డున్న చోట ఇప్పుడు ఫోన్ల కొట్టు.
సముద్రాన్ని పూడ్చి పూడ్చి ఎక్కడికో జరిపేశారు.
నా కీళ్ళకి ఉప్పుగాలి తగలడమూ మానేసింది.

మూడు తర్వాత ఏముందని అడుగుతున్నావు.
పాట గుర్తులేదు నాయనా.
నాలుగు అనబోతుంటే
డెరిక్ నన్ను తిట్టి పక్కకు నెట్టాడు.
ఆ తిట్టు ఇంకా అక్కడే ఉంటుంది,
మీ తాత దెబ్బ కింద.
చెవి పెట్టి విను.
అర్థం మాత్రం నన్నడక్కు.