వెనక పేజీ

జోస్ పట్నంలో, టెర్మినస్ దగ్గర,
రెండు మందుల కొట్ల నడుమ ఇరుక్కుని
చువాంగ్ జిరాక్స్ షాపు.
జనరేటర్ దగ్గుతున్నంతసేపే నడుస్తుంది.
కరెంటొస్తే వీధి వీధంతా కేక పెడుతుంది,
అతను మాత్రం మిషన్ మూత మీద చెయ్యేసి
ఊపిరి బిగబట్టి నిలబడతాడు.

నేను ఆరో తరగతి ప్రశ్నపత్రం తెచ్చిన రోజు
హర్మటాన్ గాలి. పెదాలు పగిలి,
బల్లల మీద వేలితో పేరు రాసుకునేంత దుమ్ము.
"నలభై మూడు" అన్నాను.
"వెనకవైపు ఖాళీయేగా?" అన్నాడు.
ఖాళీయే మరి, అన్నాను.

ఆ షాపులోంచి ఏ కాగితమూ ఒంటరిగా బయటికి పోదు.
అద్దె ఒప్పందం వెనక ఒక కంచు తల,
పెళ్లిపిలుపు వెనక గుహగోడ మీది ఎద్దు,
చావుకబురు వెనక ఎవరో ముసలమ్మ సూదితో కుట్టిన పడవలు.
కింద చిన్నక్షరాల్లో పేరు, ఊరు, ఏడు.
"దీనికి డబ్బు తీసుకోను. నాకు దొరికినవాళ్లు వీళ్లు.
దొరికినదాన్ని ఒక్కడే దాచుకుంటే దొంగతనం కాదూ?"
అంటాడు, ఇంకు బొటనవేలు ప్యాంటుకి తుడుచుకుంటూ.

నా పత్రాల వెనక ఆ వారం వచ్చింది
కాల్చిన మట్టి తల.
త్రికోణాల కళ్లు, కనుపాప ఉండాల్సిన చోట చిల్లు.
పేరు: తెలీదు. ఊరు: ఈ చుట్టుపక్కలే.
ఏడు: రెండువేల ఏళ్ల పైమాట.
తగరపు గనిలో బయటపడ్డదాన్ని
ఒక గుమస్తా ఇంటికి మోసుకుపోయి, కర్రకు గుచ్చి,
పెండలం చేలో దిష్టిబొమ్మగా నిలబెట్టాడట.
ఏడాది పొడుగునా పిట్టల్ని తోలిందట ఆ తల.
నాకు నవ్వొచ్చింది.
ఇంటికెళ్లాక రాలేదు.

పరీక్ష లెక్కలది. భిన్నాలు.
కానెంగ్ అనే పిల్ల,
నాన్న మోటారు సైకిల్ టాక్సీ తోలతాడు,
అమ్మ బంగాళాదుంపలు అమ్ముతుంది,
ముందు పేజీలో తన పేరు తప్ప ఏమీ రాయలేదు.
వెనక్కి తిప్పాను.
తలకి ఒళ్లొచ్చింది.
నీలం బాల్ పెన్ను. గీత మీద గీత మీద గీత,
కాగితం నలిగి నునుపెక్కేదాకా.
వాళ్లమ్మ చుట్టుకునే పూల గుడ్డ,
వాళ్లమ్మ చెప్పులు, ఒకటి తెగింది.
చాచిన చేతుల మీద పిట్టలు,
బెదురు లేకుండా, కబుర్లాడుకుంటూ,
ఒకటైతే కంటి చిల్లులో గూడే కట్టేసింది.

సున్నా వేశాను. వెయ్యక ఏం చెయ్యను,
ఇరవై ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు లేదే.
అదయినా ఎటువైపు వెయ్యాలో తోచక
చాలాసేపు ఎర్ర పెన్ను పట్టుకు కూర్చున్నాను.
బొమ్మకి తగలకూడదని
చివరికి ముందు పేజీలోనే, పైన,
కోపంగానో ఏమో, కాస్త గట్టిగా వేశాను.

సాయంత్రం ఆ కాగితం చువాంగ్ చేతిలో పెట్టాను.
చూశాడు. కళ్లద్దాలు తీసి మళ్లీ చూశాడు.
వరసలో ఉన్న పోలీసు "నా పని కానివ్వవయ్యా" అంటే
"ముందు మీరూ చూడండి" అని అటు తోశాడు.
పోలీసు చూశాడు.
"చెప్పు తెగింది" అన్నాడు కాసేపటికి,
ఆ చెప్పు తనదైనట్టు.

వారం తిరిగేసరికి
భూమి పట్టాల వెనక, ఆస్పత్రి చీటీల వెనక,
ఆ పోలీసు పెట్టుకున్న బదిలీ అర్జీ వెనక
ఊరంతా తిరుగుతోంది దిష్టిబొమ్మ.
పేరు: కానెంగ్. ఊరు: జోస్. ఏడు: ఇదే.

అయితే పల్చటి కాగితం కదా,
నా ఎర్ర సున్నా వెనక్కి ఊరింది.
ప్రతి కాపీలోనూ పడింది,
ఆ పాత తల వెనక, గుండ్రంగా, నల్లగా.
జనం దాన్ని సూర్యుడనుకుంటున్నారు.
ఎంత బాగా పెట్టిందో చూడు, అంటున్నారు.

నేను ఎవరికీ చెప్పలేదు.
కానెంగ్‌కి చెప్పక్కర్లేదు.
"ఈసారి మందం కాగితం తెప్పించండి టీచర్" అంది.