బాకీ ఉన్న పోశన్న

జుబైల్‌లో నవంబరు, రాత్రి ఎనిమిది.
సముద్రాన్ని తాగునీరు చేసే ప్లాంటు
కిటికీ అవతల ఆవిరి వదులుతోంది.
ఇవతల నా తెర మీద డెబ్భై వేల ఫైళ్లు.
వాటిలో నేను చూడాల్సింది ఒక్క డ్రైవరు,
పదకొండొందల వరుసలు,
పంపు ఒత్తిడి కొలిచే చిప్పు మాటల్ని
కెర్నెల్‌కి చేరేసేది.

రాసినవాడు యాసిర్. శ్రద్ధ గల కుర్రాడు,
కామెంట్లు కూడా పొందిగ్గా పెడతాడు.
పంపు మాత్రం తొమ్మిది రోజులకోసారి
మాట పడిపోయిన మనిషిలా
నిలబడ్డ చోటే నిలబడిపోతోంది.

మొదట అందరిలాగే వెతికాను.
లాక్ అన్నాను.
క్లాక్ వచ్చింది, బ్లాక్ వచ్చింది,
పెళ్లి పందిట్లో "రావుగారూ" అని కేకేస్తే
సగం కుర్చీలు తిరిగి చూసినట్టు.

పూర్తి మాటే కావాలన్నాను.
నిన్నటి బిల్డు వదిలిన ఊకా పొట్టూ పక్కకి నెట్టాను.
డ్రైవర్ల అర దాటి పోవద్దన్నాను.
ఓపిగ్గా ఒకసారి ఇండెక్స్ కట్టించాను,
పదకొండు నిమిషాలు, రెండు సులేమానీలు.
ఇక ఏ పేరడిగినా
అడిగిన నోరు మూసేలోపే జవాబు.

జవాబులకేం, బోలెడు.
ప్రశ్నే కుదరలేదు.

తొమ్మిదిన్నరకి బస్సు.
నడిపేది గంగరాజం, మెట్‌పల్లి అవతల మనిషి,
పద్నాలుగేళ్లుగా ఇదే రోడ్డు.
నా పని ఏమిటో ఎవరో చెప్పారట.
"మీరు డ్రైవర్ల తప్పులు వడతరట గద మేడం,
నా పేరు రాయకున్రి జెర."
విడమరచి చెప్పబోయి నవ్వేసి ఊరుకున్నాను.

క్యాంపు గేటు దగ్గర
ఎవరో కొత్త కుర్రాడు, చేతిలో పచ్చళ్ల పార్సిలు.
పోశన్నకివ్వాలట. గంట నుంచీ తిరుగుతున్నాడట.
గంగరాజం అద్దం దించాడు.

"నాలుగు వేల మందిల పోశన్నంటే
ముప్పై మంది లేసి నిలవడ్తరు బిడ్డా.
పేరు వట్టుకోని తిరిగితె తెల్లారుతది.
ఎవనికి బాకీ ఉన్నడో అడుగు.
తీస్కున్నోడు మర్శిపోతడు,
ఇచ్చినోడు మర్శిపోడు.
కిరాణం హంజా కాడికి పో, బుక్కు తెరువమను."

బస్సు కదిలింది.
నేను మోకాళ్ల మీద లాప్‌టాప్ తెరిచాను.

తాళం పేరు కాదు నాక్కావాల్సింది.
తీసుకున్నదెవరు,
ఇవ్వకుండా పోయిందెవరు?

తీసుకున్న చోట్లు తొమ్మిది.
ఒక్కోచోటి నుంచీ బయటపడే దారులన్నీ
వేలితో తెర మీద లెక్కపెట్టాను,
గతుకులకి రెండుసార్లు తప్పి, మళ్లీ.
మొత్తం ఇరవై మూడు.
ఇరవై రెండు దారులు
తాళం అప్పజెప్పే గడప దాటాయి.
ఐదొందల ఎనభై రెండో వరుసలో మాత్రం
చిప్పు పలక్కపోతే
"తప్పు జరిగింది" అని పైకి కబురంపి
తాళం జేబులో వేసుకుని పోతోంది ఒకటి,
మర్యాదస్తుడిలా.
వెనక వచ్చినవాళ్లంతా తలుపు దగ్గర
ఇంకా నిలబడే ఉన్నారు.

యాసిర్‌కి ఒకే ముక్క రాశాను:
పోయేముందు ఇచ్చి పో.

దిగుతుంటే గంగరాజం అడిగాడు,
"ఏంది మేడం, నవ్వుతున్నరు? దొరికిండా?"
"దొరికాడు."
"బాకీ ఎంతనట?"
"ఒక్క వరుస."

"అదృష్టవంతుడు," అన్నాడు,
ప్లాంటు దీపాల వైపు చూస్తూ.
"నాది ఐదు బోర్లు.
నాలుగిట్ల నీళ్లు వడలే."

తలుపు మూసుకుంది.
రోడ్డు పక్క లావుపాటి గొట్టంలో
సముద్రం, ఉప్పంతా వదిలేసి,
ఊళ్లోకి పోతోంది.