మూడో సందులో ఏడుగురం

రేషను కార్డులో ఏప్రిల్.
ఆధార్‌లో ఆవరిళ్.
ఓటరు చీటీలో, ఎవరు కొట్టారో గానీ, అవరై.
అరవంలో చిక్కుడుకాయ.

బళ్లో తెలుగు అయ్యవారు హాజరు పిలిచేవాడు:
"ఎవరిల్లు?"
"మా ఇల్లే సార్" అనేవాడు వెనక బెంచీ మునిరత్నం.
తరగతంతా నవ్వేది. నేనూ నవ్వేదాన్ని,
నవ్వకపోతే ఇంకోసారి అంటారని.

పుట్టింది కార్తీకమాసపు వానలో,
పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో కరెంటు పోయిన రాత్రి.
అడ్డం తిరిగానట. బయటపడీ ఏడవలేదట.
నేరేడుపండు రంగులో పడున్న నన్ను
కాళ్లు పట్టి తలకిందులు చేసి, వీపు చరిచి,
నోట్లో నోరు పెట్టి ఊదింది
సిస్టర్ ఏవరిల్ డిమాంటీ.
కిటికీ అవతల షెడ్డులో బొగ్గింజను ఒకటి
పనేమీ లేక ఉస్సుమంటోందట.
మా అవ్వ చెంగమ్మ రెండింటినీ కలిపి విన్నది:
"ఆవిరి. దీని పేరు ఆవిరి."
క్యారేజి వర్క్స్ ఫిట్టరు, మా నాన్న పెంచలయ్య,
ఆ మాట ఇంగ్లీషులో ఎట్లా పడాలో
సిస్టరు చేతనే సిగరెట్టు పెట్టె మీద రాయించుకొచ్చాడు.

పక్కింటి కనకవల్లి అక్క బెదిరిపోయింది:
"మా అరవంలో ఆవి అంటే దయ్యం! పసిదానికి పెడతారా?"
మర్నాడు లూర్దు మాత గుడి దాకా వెళ్లొచ్చి ఆవిడే
"పరిశుద్ధమైంది కూడా ఆవేనంట, ఫర్వాలేదు" అంది.
రెండేళ్లకి ఆవిడకీ కూతురు. అదీ ఏవరిల్.

ఇక అంటుకుంది, సందంతా అమ్మవారు పోసినట్టు.
గ్యాంగ్‌మన్ సుబ్బరాయుడి రెండోది.
కిరసనాయిలు బంకు మస్తానమ్మ మనవరాలు.
కవలల్లో బతికిన ఒక్కతి.
ఆ సిస్టరు చేతిలో పడిన ఆడపిల్లకి
వేరే పేరు పెడితే ఆయుష్షు తగ్గుతుందన్నారు.
సాయంత్రం ఏ అమ్మైనా వాకిట్లోంచి కేకేస్తే
ఏడు చోట్ల నుంచి "ఆఁ!"
అందుకని పొడుగేవరిల్, మెల్లకన్నేవరిల్,
పొద్దున్నే వీధిలో గిన్నె పట్టుకు తిరిగే ఇడ్లీ ఏవరిల్.
నేను పాతేవరిల్‌ని.
పదకొండేళ్లకే పాత.

మొన్న సెంట్రల్ వెనక పాత పుస్తకాల కొట్లో
అట్ట ఊడిన పేర్ల పుస్తకం. ఇరవై రూపాయలు.
నిలబడే చదివాను.
వెయ్యేళ్ల నాటి ఇంగ్లీషులో రెండు మాటలట:
అడవిపంది. యుద్ధం.
రెండూ అతుక్కుని, నాలుకల మీద అరిగి అరిగి
ఇంత మెత్తగా మిగిలిందట.
ఏప్రిల్‌తో చుట్టరికం లేదు.
కింద సన్నక్షరాల్లో:
ఎన్నడూ పెద్దగా వాడుకలో లేదు,
ఇప్పుడు బొత్తిగా కనబడదు.

అవ్వ ఉంటే లెంపలేసుకునేది:
"పందేందే, వరాహస్వామి అను.
భూమినే కోర మీద ఎత్తినాయన."

సిస్టరుకి చెబుదామని వెళ్లాను,
పేపర్ మిల్స్ రోడ్డు వెనక మేడమీద గదికి.
పంది మాటకి దగ్గొచ్చేదాకా నవ్వింది.
"నాన్న గార్డు. బండి ఆగిన ఏదో ఊళ్లో
సమాధి రాయి మీద చూశాడట. బాగుందని పెట్టాడు."
ఎవరి సమాధి?
"ఎవరికి తెలుసు. తొమ్మిది నెలల పిల్లది."
బిస్కట్ల డబ్బా నా వైపు తోసింది.
మూత నేనే తీయాల్సొచ్చింది.

ఇంటికొచ్చి ఆ సన్నక్షరాల పక్కన
పెన్సిలుతో రాశాను:
పెరంబూరు, అగరం, మూడో సందు. ఏడుగురు.
రాశాక గుర్తొచ్చింది,
ఇడ్లీ ఏవరిల్ కామెర్లతో పోయి పద్నాలుగేళ్లు.
మెల్లకన్నుది పెళ్లినాడే పేరు మార్చుకుంది,
ఇప్పుడు మోనిష.
రబ్బరు చేతిలోకి తీసుకున్నాను.

లోపల కుక్కరు పిలిచింది.
లేచి వెళ్లాను.
ఏడు అట్లాగే ఉంది.