నీలం సబ్బు

ఆయిలు ప్లగ్గు మర అరిగిపోతే
లాపోలో నీలం సబ్బు ముక్క కుక్కి
పైన గుడ్డపీలిక చుట్టి
"ఏనుగు తొక్కినా కదలదు పో" అన్నాడు.
వేలికి ఉమ్మి తడి చేసుకుని
నలభై వేల షిల్లింగులూ రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.

కిట్గుమ్ రోడ్డు మీద
వెనక సీట్లో నిండు చూలాలు ఉండగా
బండి గొంతు పట్టేసింది.
ఆమె దిగి, ఒక్క మాటా అనకుండా
నడుం పట్టుకుని నడవడం మొదలెట్టింది.
వెనకాల తోసుకుంటూ నేను.
ఎర్రమట్టిలో మా ఇద్దరి వెనక
నల్లటి చుక్కలు, గులు దాకా.

ఎయిర్‌టైం అమ్మే గొడుగు కింద
స్టేజీ పెద్ద ఒడోంగ్‌కారా పంచాయితీ.
"రసీదేదీ?"
అరచెయ్యి చూపించాను, ఎంత రుద్దినా వదలని మరక.
"దారిలో గుంతలు నేను తవ్వానా?" అన్నాడు లాపోలో.
అందరూ నవ్వారు.
నాకూ నవ్వొచ్చింది. ఆ కోపం వేరే.

చివరికి తీర్పు:
నా ఇంజను బాగయ్యేదాకా అతని బండి నాది.
మొహం పక్కకి తిప్పుకుని తాళం ఇచ్చాడు.

కిక్కు కొట్టాను.
ఏడు. పదకొండు. చెప్పు తెగింది.
వంగి చూద్దును గదా,
ప్లగ్గు చుట్టూ అదే గుడ్డ,
అదే నీలం.

"తొయ్యనా?" అన్నాడు
మెల్లగా, వెనక నుంచి.